గడ్డికి ధర వచ్చిన రోజు మనం ఎక్కడ ఉంటాం?
(గిరిజన యువత సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

హాస్టల్ వార్డెన్లు మైకు పట్టుకుంటే చదువు గురించే చెబుతారని మీకు ముందే తెలుసు. ఈ రోజు కూడా చదువు గురించే మాట్లాడతాం. కాకపోతే వరిగడ్డి దగ్గర మొదలుపెడతాం. కయ్యలో మిగిలిన గడ్డి, మిల్లు వెనక పోసిన ఊక, శనక్కాయ పొట్టు, చెరకు పిప్పి. వీటితో ఇవాళ కరెంటు తీస్తున్నారు, వాహనాలకు గ్యాసు తీస్తున్నారు, పెట్రోలులో కలిపే ఇథనాల్ తీస్తున్నారు. పేపర్లలో దీన్ని జీవ ఇంధనం అంటున్నారు. ఈ పనిలో మన వాళ్ళు కూలీలుగానే ఉంటారా, ఇంకేమైనా అవుతారా అన్నది మీ చేతుల్లో ఉంది. అందుకే ఈ మాటలు.

ముందు మన కయ్యల సంగతి చూద్దాం. కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు. సముద్రం గాలి తగిలే ఈ మండలాలన్నీ పెన్న నీళ్ళతో వరి పండే నేలలు. మొదటి కారు, ఎడగారు, రెండు కార్లూ వరే. ఎకరాకు మూడు పుట్లు పండిందనుకోండి. మన పుట్టి 850 కిలోలు. అంటే రెండున్నర టన్నుల ధాన్యం. ధాన్యం ఎంత పండితే గడ్డి దాదాపు అంతే వస్తుంది. ఆ ధాన్యం మిల్లుకు పోతే అందులో అయిదో వంతు ఊక. అంటే ఒక్క ఎకరా నుంచి రెండున్నర టన్నుల గడ్డి, అర టన్ను ఊక.

ఈ గడ్డి ఏమవుతోంది? చేత్తో కోసిన రోజుల్లో మోపులు కట్టి వామి వేసేవారు. పశువుకు మేత, మన గుడిసెకు కప్పు, పడుకోవడానికి పరుపు. మొలగొలుకులు వేసిన కాలంలో గడ్డి పొడుగ్గా ఉండేది, కప్పుకు బాగా పనికొచ్చేదని మన పెద్దవాళ్ళు చెబుతారు. ఇప్పుడు కోత మిషన్ వస్తుంది. గంటల్లో కయ్య అయిపోతుంది. గడ్డి ముక్కలై కయ్య నిండా చెల్లాచెదురుగా పడుతుంది. తరువాతి కారుకు దున్నాలి, టైము లేదు. ఏరించాలంటే కూలి ఖర్చు. అగ్గిపుల్ల గీస్తే పని అయిపోతుంది.

ఆ అగ్గిపుల్ల ఖరీదు ఎంతో వ్యవసాయ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఒక టన్ను వరిగడ్డి కాలిస్తే సుమారు 400 కిలోల సేంద్రియ కార్బన్, 25 కిలోల పొటాషియం, అయిదున్నర కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం నేలకు దక్కకుండా పోతాయి. రైతు అగ్గి పెట్టి పోగొట్టుకున్నదాన్ని మళ్ళీ ఎరువుల బస్తా రూపంలో కొనుక్కుంటాడు. పొగ మాత్రం రైతు ఇంటి దాకా పోకపోయినా, కయ్య గట్టునే ఉన్న మన కాలనీలోకి వస్తుంది.

ఇంకో నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండదు. కోత అయిన కయ్యలో పరిగె ఏరుకోవడం, ఎలుక బొరియలు తవ్వి అవి దాచుకున్న వడ్లు తీయడం మన యానాదులు తరతరాలుగా చేస్తున్న పని. ఎలుకల్ని పట్టి రైతు పంట కాపాడాం, మన కడుపు నింపుకున్నాం. మిషన్ వచ్చి కోత కూలి తీసుకుంది. మంట వచ్చి పరిగె తీసుకుంది. కాబట్టి గడ్డిని కాల్చకుండా వాడుకునే దారి ఏదైనా వస్తే దాన్ని ముందు మనమే అర్థం చేసుకోవాలి.

ఇప్పుడు కాస్త సైన్సు. ఆకు ఎండను పట్టుకొని గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో, నీళ్ళతో మొక్క ఒళ్ళు కడుతుంది. గడ్డిలో ఉన్నది ఆ దాచిన ఎండే. మన గుడిసె గోడను గుర్తు తెచ్చుకోండి. లోపల వెదురు బద్దలు, వాటిని కలిపి కట్టిన నార, పైన మెత్తిన మట్టి. గడ్డిలోనూ అలాగే మూడు ఉంటాయి. బద్దల్లాంటిది సెల్యులోజ్, నారలాంటిది హెమీసెల్యులోజ్, మట్టిలా పట్టి ఉంచేది లిగ్నిన్. మొదటి రెండూ చక్కెరల గొలుసులే. ఆ గొలుసును తెంపితే చక్కెర, చక్కెరను పులియబెడితే ఇథనాల్. గాలి తగలకుండా మురగబెడితే గ్యాసు. నేరుగా కాలిస్తే వేడి. కిలో ఎండుగడ్డిలో గానీ, కిలో ఊకలో గానీ మూడు వేల కిలో క్యాలరీలకు పైగా వేడి ఉంటుంది. మన దేశపు నాసిరకం బొగ్గుకు ఇది మరీ దూరం కాదు.

గడ్డిని ఇంధనం చేసే దారులు ముఖ్యంగా నాలుగు. ఒక్కొక్కటీ ఒక ఊరి పేరుతో చెబుతాం, గుర్తుంటుంది.

మొదటిది గుళికలు. వదులు గడ్డి లారీ నిండా వేసినా బరువు తూగదు, రవాణాకే డబ్బు అయిపోతుంది. దాన్ని పొడి చేసి, గట్టిగా నొక్కి గుళికలు చేస్తే అదే చోటులో ఎన్నో రెట్లు బరువు పడుతుంది. వీటిని బొగ్గుతో కలిపి థర్మల్ కేంద్రాల్లో కాలుస్తారు. 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన విధానం ప్రకారం, సాంకేతికంగా వీలున్న బొగ్గు కేంద్రాలు 5 శాతం దాకా ఇలాంటి గుళికలు కలపాలి. మన ముత్తుకూరు మండలం నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది కదా, అక్కడ 800 మెగావాట్ల యూనిట్లు మూడు. ఒక లెక్క వేసి చూడండి. అంత పెద్ద యూనిట్ ఒకటి రోజుకు 8 వేల టన్నుల బొగ్గు తింటుందనుకుందాం. 5 శాతం అంటే 400 టన్నులు. మన ఎకరాకు రెండున్నర టన్నుల లెక్కన అది 160 ఎకరాల గడ్డి. ఒక్క యూనిట్‌కు, ఒక్క రోజుకు. ఎంత గడ్డి కావాలో, ఎంత మంది చేతులు కావాలో ఆలోచించండి. మరి 5 శాతమే ఎందుకు? వరిగడ్డిలో పొటాషియం, క్లోరిన్, ఇసుకలాంటి సిలికా ఉంటాయి. ఎక్కువ వేస్తే బాయిలరు గొట్టాలకు బూడిద కరిగి అట్టలా పట్టుకుంటుంది.

రెండోది గ్యాసిఫయర్. ఊకను చాలీచాలని గాలిలో కాలిస్తే మంట రాదు, మండే వాయువు వస్తుంది. దాన్ని శుభ్రం చేసి ఇంజనుకు ఇస్తే కరెంటు. బీహార్‌లో పశ్చిమ చంపారన్ జిల్లా తమ్‌కుహా అనే పల్లెలో 2007లో హస్క్ పవర్ సిస్టమ్స్ వాళ్ళు ఊకతో ఇలా కరెంటు తీసి ఇళ్ళకిచ్చారు. అంతకు ముందు ఆ పల్లెకు కరెంటు లైను లేదు. మిగిలిన ఊక బొగ్గుతో అక్కడి ఆడవాళ్ళు అగరబత్తీలు చేశారు. ఒక ప్లాంటు నడవడానికి పెద్ద ఇంజనీర్లు అక్కడే కాపురం ఉండలేదు. ఊరి కుర్రాళ్ళకే పని నేర్పారు. ఈ ముక్క మనకు ముఖ్యం.

మూడోది కంప్రెస్డ్ బయోగ్యాస్. పేడ గ్యాసు మీకు తెలుసు. అదే పద్ధతిలో గడ్డి, పేడ, చెరకు ఫ్యాక్టరీ మడ్డి కలిపి పెద్ద ట్యాంకుల్లో మురగబెడతారు. వచ్చిన గ్యాసులో మీథేన్ సగం కంటే కొంచెం ఎక్కువ. దాన్ని శుద్ధి చేసి 90 శాతం దాటించి, సిలిండర్లలో నొక్కి నింపితే వాహనాలకు పనికొస్తుంది. మిగిలిన మడ్డి పొలానికి ఎరువు. కేంద్రం 2018 అక్టోబరులో సతత్ పథకం పెట్టి, చమురు కంపెనీలు ఈ గ్యాసు కొనేలా ఏర్పాటు చేసింది. మన రాష్ట్రంలో 65 వేల కోట్లతో 500 ప్లాంట్లు పెడతామని రిలయన్స్ సంస్థ 2024 నవంబరులో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్ 2న మన పొరుగున కనిగిరి నియోజకవర్గం పీసీపల్లి మండలం దివాకరపల్లిలో మొదటిదానికి శంకుస్థాపన జరిగింది. అక్కడ ముఖ్యంగా బంజరు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి వాడాలన్నది ఆలోచన.

నాలుగోది రెండో తరం ఇథనాల్. చెరకు, బియ్యం, మొక్కజొన్నలతో చేసేది మొదటి తరం. తినేది కాకుండా గడ్డితో చేసేది రెండో తరం. ఇది కష్టమైన పని, ఎందుకంటే ఆ మట్టి పూతలాంటి లిగ్నిన్‌ను ముందు విడగొట్టాలి. హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ కట్టిన ప్లాంటును 2022 ఆగస్టు 10న జాతికి అంకితం చేశారు. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది దాని లక్ష్యం. టన్నుకు ఎన్ని లీటర్లు? ఎనిమిదో తరగతి పిల్లలు చేసే భాగహారమే. 150.

ఇక్కడిదాకా విన్నది పాఠం. ఇప్పుడు మన కథ.

పట్నాలకు ఇంధనం అందించడం మన వాళ్ళకు కొత్త కాదు. శ్రీహరికోటను బ్రిటిష్ ప్రభుత్వం 1835లో స్వాధీనం చేసుకుంది. అక్కడి అడవి నుంచి మద్రాసు పట్నానికి వంటచెరకు పోయేది. అడవిలో ఉన్నది మన యానాదులు. కట్టె కొట్టిందీ, తేనె తీసిందీ, మూలికలు ఏరిందీ మన చేతులే. కట్టెలు పడవలకెక్కి బకింగ్‌హామ్ కాలువ మీద దక్షిణానికి పోయాయి. మద్రాసులో ఎన్ని పొయ్యిలు వెలిగాయో! మన పొయ్యి మీద మాత్రం గంజే. తరువాత అదే దీవిలో రాకెట్ కేంద్రం వచ్చింది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ పైకి లేచింది. దేశానికి అది గర్వకారణం, మనకు కూడా. కానీ ఆ దీవి చరిత్రలో యానాది పేరు ఏ వరుసలో ఉందో మీరే వెతికి చూడండి.

కట్టె తరువాత బొగ్గు. సర్కారు తుమ్మ కంప కొట్టి బట్టీ పెట్టి బొగ్గు చేసే పని మన వాళ్ళకు ఇప్పటికీ ఉంది. పనికి ముందు అడ్వాన్సు ఇస్తారు. అది తీరదు. తీరేదాకా కుటుంబం అక్కడే, పిల్లలూ అక్కడే. రొయ్యల గుంటల కాపలా కూడా చాలాచోట్ల ఇంతే. సెలవులు అయిపోయాక హాస్టల్‌కు రాని పిల్లల కోసం మేము కాలనీలకు పోతుంటాం. ‘మీ వాడేడమ్మా?’ అంటే, ‘గుంట కాడ ఉండాడు మేడమ్, అడ్వాన్సు తీసుకున్నాం’ అంటారు. పిల్లవాడి పుస్తకాల సంచి గుడిసె గుంజకు వేలాడుతూ ఉంటుంది. అప్పు కింద మనిషిని కట్టివేయడం 1976 చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం పేరు వెట్టిచాకిరి నిర్మూలన చట్టం. ఈ పేరు మీలో ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి.

ఇప్పుడు గడ్డి వంతు వచ్చింది. ఒకప్పుడు మిల్లు వెనక గుట్టలు పోసి, ఎవరైనా పట్టుకుపోతే చాలనుకున్న ఊకకు ఇవాళ ధర ఉంది. గడ్డికీ అలాగే వస్తోంది. ఒక వస్తువు చెత్తగా ఉన్నంత కాలం అది పేదవాడిది. దానికి ధర రాగానే యజమాని వస్తాడు, కాంట్రాక్టరు వస్తాడు, తూకం కాటా వస్తుంది. ఆ కాటా దగ్గర మనం ఎటువైపు నిలబడతామన్నదే అసలు ప్రశ్న.

వేరే దారి ఉందని చెప్పడానికి ఒక ఊరుంది. పాత ఆదిలాబాద్ జిల్లాలో, జైనూరు వైపు, పవర్‌గూడ అనే చిన్న ఆదివాసీ గూడెం. అక్కడి మహిళా సంఘం కానుగ గింజలు సేకరించింది. ఐటీడీఏ సాయంతో వచ్చిన మిల్లులో నూనె తీసింది. ఆ నూనె డీజిలుకు బదులు వాడొచ్చు. నూనె తీయగా మిగిలిన చెక్కను పొలాలకు ఎరువుగా వేసుకున్నారు. డీజిలు వాడకం తగ్గితే గాలిలోకి పోయే కార్బన్ తగ్గుతుంది కదా. ఆ తగ్గిన 147 టన్నులకు 2003లో ప్రపంచ బ్యాంకు ఆ మహిళలకు 645 డాలర్లు చెల్లించింది. డబ్బు పెద్దదేమీ కాదు. కానీ గింజ ఏరినవాళ్ళే మిల్లు నడిపారు, మిల్లు నడిపినవాళ్ళే చెక్కు అందుకున్నారు. కట్టె కొట్టి కాలువ గట్టున వదిలేసి రావడానికీ దీనికీ ఉన్న తేడా అదే.

అందుకని మీతో నాలుగు మాటలు.

మొదటి మాట, కొలత నేర్చుకోండి. గడ్డి కొనేవాడు ముందు చూసేది తేమ. కిలో గడ్డి తూచి, బాగా ఎండబెట్టి మళ్ళీ తూచండి. 800 గ్రాములు వచ్చిందా? తేమ 20 శాతం. గుళికలకు సాధారణంగా 10 నుంచి 15 శాతం తేమ మించకూడదు. ధాన్యం కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే ఏం జరుగుతుందో మీరు చూశారు. మీటరు చదివేవాడు ఒకడు, కోత భరించేవాడు ఇంకొకడు. ఆ మీటరు చదవడం మన అమ్మాయికి వస్తే, ఆ రోజు మన మోపులకు అన్యాయపు కోత పడదు.

రెండో మాట, యంత్రం నేర్చుకోండి. కయ్యలో గడ్డి చుట్టలు కట్టే బేలరు, పొడి చేసే మిషన్, గుళికల మిషన్, మోటారు, బాయిలరు. వీటికి ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, డీజిల్ మెకానిక్ ఐటీఐ చాలు. ఇంకా పైకి చదవగలిగినవాళ్ళకు వ్యవసాయ పాలిటెక్నిక్, బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉన్నాయి. పదో తరగతి పాస్ అయిన వెంటనే గుంట కాపలాకు పోయే అబ్బాయికి, రెండేళ్ళు ఆగి ఐటీఐ చదివిన అబ్బాయికి మధ్య జీతంలోనే కాదు, మాటలో కూడా తేడా ఉంటుంది. ఒకడు ‘సరే అయ్యా’ అంటాడు. ఇంకొకడు ‘బేరింగు మార్చాలి, మిషన్ ఆపండి’ అంటాడు.

మూడో మాట, ఒంటరిగా పోకండి. ఒక్కడి పేరు మీద బేలరు కొనలేం. పొదుపు సంఘంగా, రైతు ఉత్పత్తిదారుల సంఘంగా, వన్‌ధన్ కేంద్రంగా అడిగితే దారులున్నాయి. యానాదుల కోసమే నెల్లూరులో ఐటీడీఏ ఉంది. అక్కడికి అర్జీ పట్టుకొని పోయేటప్పుడు ఎన్ని ఎకరాల గడ్డి, ఎన్ని టన్నులు, ఎవరు కొంటారు అన్న లెక్క కాగితం కూడా పట్టుకుపోండి. ఆ కాగితం రాయడానికే మీ చదువు.

నాలుగో మాట, ప్రశ్నించండి. గడ్డి అంతా ఫ్యాక్టరీకి పోతే పశువుకేది? మొదట మేత, తరువాత నేలకు కొంత, మిగిలినదే ఇంధనానికి. బంజరు అని కాగితం మీద రాసిన భూమిలో మన వాళ్ళు మేకలు మేపుతున్నారేమో, గడ్డలు తవ్వుకుంటున్నారేమో, శ్మశానం ఉందేమో. గ్రామసభలో అడగాలి. ఊక దుమ్ములో, గడ్డి పొడిలో పని చేసేవాళ్ళకు ముక్కుకు మాస్కు ఇస్తున్నారా? పనికి ముందు అడ్వాన్సు ఎందుకు, పని చేశాక బ్యాంకులో జీతం ఎందుకు కాదు? ఇవి గొడవ పెట్టుకునే ప్రశ్నలు కావు. ఏ మంచి కంపెనీ అయినా జవాబు చెప్పగలిగిన ప్రశ్నలే.

ఇవన్నీ రేపే జరుగుతాయని మేము చెప్పడం లేదు. కొన్ని ప్లాంట్లు వస్తాయి, కొన్ని శంకుస్థాపన రాయి దగ్గరే ఆగిపోవచ్చు. గడ్డి సేకరణ ఖర్చు ఎక్కువ, పంట ఏడాదికి రెండుసార్లే, వానకు తడిస్తే మోపు బూజు పడుతుంది. ఈ చిక్కులన్నీ నిజమే. అయితే ఈ చిక్కుల్లోనే పని ఉంది. తడవకుండా ఎలా నిలవ చెయ్యాలి, ఏ కయ్య గడ్డి ఏ రోజుకు ఎండుతుంది, ఏ దారిన బండి పోతుంది అన్నది ఈ నేల మీద నడిచినవాళ్ళకే తెలుస్తుంది. ఎలుక ఏ గట్టు కింద ఉందో అడుగు చూసి చెప్పగల జాతి మనది. ఆ చూపుకు ఒక సర్టిఫికెట్, ఒక తేమ మీటరు, ఒక సంఘం తోడైతే మనల్ని కూలి లెక్కలో మాత్రమే రాయడం ఎవరికైనా కష్టమవుతుంది.

తల్లిదండ్రులకు చివరిగా ఒక విన్నపం. ఈ ఎడగారు కోతలకు పిల్లల్ని బడి మాన్పించకండి. అడ్వాన్సు మాట ఎవరైనా తెస్తే, ఒప్పుకునే ముందు ఒక్కసారి మా హాస్టల్‌కు రండి. మాట్లాడుకుందాం. మీ పిల్లల సీటు మేము ఖాళీగా ఉంచుతాం.